దూరవిద్య తలుపు మూసుకున్నాక సైకాలజీకి దారేది?

ఖిల్లా ఘణపూర్‌: ఇంటర్మీడియట్‌ పూర్తిచేసి మనస్తత్వశాస్త్రం చదవాలనుకునే పల్లె విద్యార్థికి 2025 వరకు ఒక సులువైన మార్గం ఉండేది. ఇంటి పట్టునే ఉండి, పొలం పనో చిన్న కొలువో చూసుకుంటూ ఇగ్నో వంటి సంస్థల ద్వారా సైకాలజీలో డిగ్రీ పొందేవారు. ఇప్పుడు ఆ మార్గం మూతపడింది. అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్‌ చట్టం-2021 పరిధిలోకి వచ్చే కోర్సులను దూరవిద్య, ఆన్‌లైన్‌ విధానాల్లో నడపరాదని యూజీసీ 2025లో ఆదేశించింది. ఆ ఏడాది జులై-ఆగస్టు ప్రవేశాల నుంచే ఇది అమలైంది. సైకాలజీ ఆ జాబితాలో ఉంది.

విచిత్రమేమిటంటే, సరిగ్గా అదే జులైలో ఈ చదువుకు గిరాకీ పెంచే తీర్పు వెలువడింది. విశాఖపట్నంలోని వసతిగృహంలో ఒక నీట్‌ విద్యార్థిని మృతిపై విచారణ సందర్భంగా సుప్రీంకోర్టు మార్గదర్శకాలు జారీచేసింది. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ అర్హుడైన కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సామాజిక కార్యకర్తనో నియమించుకోవాలన్నది వాటి సారాంశం. ఆ లెక్కన మండల కేంద్రాల్లోని ఉన్నత పాఠశాలలకు, గురుకులాలకు సైతం వీరి అవసరం ఏర్పడింది. అవసరం పల్లె దాకా వచ్చింది గానీ చదువు పట్నానికే పరిమితమవుతోంది.

యూజీసీ నిర్ణయాన్ని పూర్తిగా తప్పుపట్టలేం. ప్రయోగశాల మెట్టు ఎక్కకుండా, ఒక్క మనోపరీక్షయినా స్వయంగా నిర్వహించకుండా పట్టా చేతికి రావడం ఎవరికీ మేలు కాదు. అయితే ఆ భారం మాత్రం మారుమూల మండలాల వారిపైనే అధికంగా పడుతున్నది. ముఖ్యంగా ఆడపిల్లను హైదరాబాద్‌ పంపేందుకు వెనుకాడే కుటుంబాలకు ఇది గడ్డు సమస్య. బేగంపేటలోని సెయింట్‌ ఫ్రాన్సిస్‌ మహిళా కళాశాల వంటి చోట్ల బీఏలో సైకాలజీ ఉన్నా, ఫీజుకు తోడు వసతి ఖర్చు రైతు కుటుంబానికి తలకు మించిన భారమే.

అందుకే వనపర్తి, మహబూబ్‌నగర్‌ పట్టణాల వైపు చూపు మళ్లుతోంది. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం కావడంతో విద్యార్థినులకు రాకపోకల ఖర్చు తప్పింది. ఇక్కడే ఒక పొరపాటు జరిగే ప్రమాదముంది. దోస్త్‌లో ఆప్షన్లు ఇచ్చేటప్పుడు కళాశాల పేరు, దూరం చూసి సరిపెట్టుకోరాదు. బీఏ అన్నంత మాత్రాన అందులో సైకాలజీ ఉంటుందని కాదు. చరిత్ర, రాజనీతి, అర్థశాస్త్రాల కాంబినేషన్‌లో చేరాక సబ్జెక్టు మార్చుకోవడం తేలిక కాదు.

డిగ్రీతోనే వైద్యం చేయవచ్చన్న అపోహ కూడా తొలగాలి. క్లినికల్‌ సైకాలజిస్టుగా పనిచేయాలంటే 1992 నాటి చట్టం ప్రకారం భారత పునరావాస మండలి రిజిస్టరులో పేరు నమోదు కావాలి. అందుకు ఆ మండలి గుర్తించిన శిక్షణ తప్పనిసరి. కాబట్టి ఉస్మానియా వంటి చోట పీజీ, ఆపై శిక్షణ కోసం ఏనాటికైనా ఊరు దాటవలసిందే. దగ్గరి కళాశాల మిగిల్చేది తొలి మూడేళ్ల ఖర్చు మాత్రమే. కానీ చాలా ఇళ్లలో చదువు సాగేదీ ఆగేదీ తేలేది ఆ మూడేళ్లలోనే.

వనపర్తి, నాగర్‌కర్నూల్‌లకు 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. శరీరానికి వైద్యం నేర్పే ఏర్పాటు జిల్లాలకు చేరినట్లే, మనసు గురించిన చదువుకూ పాలమూరు విశ్వవిద్యాలయం చొరవ చూపి ప్రతి జిల్లాలో కనీసం ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో అధ్యాపకుడు, ల్యాబ్‌తో సహా సీట్లు కల్పించవచ్చు. అంతవరకు తల్లిదండ్రులు ఆప్షన్ల గడువుకు ముందే కళాశాలకు వెళ్లి, సైకాలజీకి రెగ్యులర్‌ అధ్యాపకుడున్నారా అని అడిగి, ల్యాబ్‌ గది తలుపు తీయించి చూడడం మంచిది.