పలక మీది బాకీ

1980 ప్రాంతంలో నరసరావుపేటలో మా వీధి మొదట్లో ఒక చిన్న క్షౌరశాల ఉండేది. రేకుల కప్పు, గోడకు ఒక అద్దం, దాని ముందు ఒక చెక్క కుర్చీ. మా వంటి పిల్లలు వెళితే కుర్చీ చేతుల మీద అడ్డంగా ఒక పలక వేసి కూర్చోబెట్టేవారు. పలక అక్కర లేని నాడు మేము పెద్దవాళ్ళమైనట్టు లెక్క. ఆ పెద్దమనిషిని ఎదురుగా ‘చాచా’ అనేవాళ్ళం. చాటున మాత్రం ‘హజ్జామ్’ అనేవాళ్ళం.

గురువారం సాయంత్రం జుమా కోసం సిద్ధమయ్యే వారితో దుకాణం నిండిపోయేది. ఒక మూల విజయవాడ రేడియో, మరో మూల తోలు పట్టీ మీద కత్తి నూరే చప్పుడు. మా వీధిలో ఏ ఇంట అఖీఖా జరిగినా బిడ్డ తొలి వెంట్రుకలు తీసేవి చాచా చేతులే. ఖత్నాకు పిలిచేదీ ఆయన్నే.

ఒక గురువారం అబ్బా ఇచ్చిన రూపాయిని నేను సోడాకు, మిఠాయికి ఖర్చు చేసేశాను. ‘డబ్బు అబ్బా తర్వాత ఇస్తారు’ అని చాచాతో అబద్ధమాడాను. ‘సరే బేటా’ అని ఆయన పలక వేశారు. ఆ తర్వాత నన్ను గానీ అబ్బాను గానీ ఎన్నడూ అడగలేదు. అదే ఏడు గోలీలాటలో ఓడిన కోపంతో ఆయన కుమారుణ్ణి అందరి ముందు ‘హజ్జామ్ కొడకా’ అని తిట్టాను. అతడు బదులు చెప్పకుండా గోలీలు ఏరుకుని వెళ్ళిపోయాడు.

పై చదువుకు ఊరు విడిచాక మదరసాలో హదీసు పాఠం చెబుతూ మా ఉస్తాద్ హజరత్ అబూ తైబా (రజి) ప్రస్తావన తెచ్చారు. అరబీలో ‘హజ్జామ్’ అంటే హిజామా వైద్యం చేసేవాడు. దైవప్రవక్త (స) అబూ తైబా చేత హిజామా చేయించుకుని ఒక సా ఖర్జూరాలు ప్రతిఫలంగా ఇప్పించారు. అంతటితో ఊరుకోక, బానిసగా ఆయన యజమానులకు చెల్లించవలసిన సుంకాన్ని కూడా తగ్గించమని చెప్పారు. నేను తిట్టుగా వాడిన మాట ఒక వృత్తి పేరు. ప్రవక్త (స) దాని కూలి చెల్లించారు, నేను ఎగవేశాను. ఆ రోజు నాకు పాఠం ముందుకు సాగలేదు.

చదువు ముగించి తిరిగి వచ్చేసరికి చాచా అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. కుమారుడు వేరే వీధిలో దుకాణం నడుపుతున్నాడు. వెళ్ళి బాకీ సంగతి చెప్పి డబ్బు చేతిలో పెట్టాను. అతడు తీసుకోలేదు.

‘అబ్బా పిల్లల బాకీలు రాసుకునేవారు కాదు, మౌలానా. అవన్నీ మాఫ్ అనేవారు,’ అని కొంతసేపు ఆగి, ‘ఆ గోలీలాట మాత్రం నాకు గుర్తుంది,’ అన్నాడు.

క్షమించమని అడిగాను. అతడు లేచి నన్ను హత్తుకున్నాడు. అల్లాహ్ హక్కులో లోపం జరిగితే తౌబా ద్వారం తెరిచి ఉంది. దాసుల హక్కు మాత్రం ఆ దాసుడి గడప దాకా వెళ్ళి తీర్చుకోవలసిందే. చాచా గడపకు నేను ఆలస్యంగా చేరాను.

ఇప్పుడీ సంగతి ఎందుకు రాస్తున్నానంటే, 2007లో మన రాష్ట్రం వెనుకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ కల్పించిన చట్టంలో హజామ్, నాయి పేర్లు కూడా ఉన్నాయి. మొన్న మా విద్యార్థి ఒకడు ఆ ధ్రువపత్రాన్ని తోటివారి కంట పడకుండా పుస్తకంలో మడిచి దాచుకోవడం చూశాను. చదువుకు దారి చూపే కాగితాన్ని అతడు సిగ్గుతో దాచుకుంటున్నాడంటే, ఆ సిగ్గు మన ఇళ్ళలోని మాటల నుంచి వచ్చినదే.

తల్లులారా, తండ్రులారా! ఈ గురువారం పిల్లవాణ్ణి క్షౌరానికి పంపేటప్పుడు డబ్బుతో పాటు ఒక సలాం కూడా ఇచ్చి పంపండి. తిరిగి వచ్చాక రెండూ చేరాయో లేదో అడగండి.