సెట్‌టాప్ బాక్సులో అడిగిన సినిమా ఎందుకు రాదు?

రేగొండలో ఉన్న అమ్మానాన్నలకు కొత్త సెట్‌టాప్ బాక్సు పెట్టించాలనుకుంటున్నారా? అయితే ముందు ఇది తెలుసుకోండి.

డిజిటల్ కేబుల్‌లో ఛానళ్లన్నీ ఆపరేటర్ కంట్రోల్ రూమ్ నుంచి ఒకేసారి అందరి ఇళ్లకూ వస్తాయి. మీరు డబ్బు కట్టినవే బాక్సు తెరుస్తుంది. 'ఈ సినిమా ఇప్పుడు కావాలి' అని తిరిగి అడగడానికి మామూలు బాక్సుకు దారి ఉండదు. 2017 మార్చి 31 గడువుతో పల్లెల్లోనూ డిజిటల్ తప్పనిసరైంది. బొమ్మ బాగుపడింది కానీ, ఈ లోటు తీరలేదు.

ఏం కావాలి?
ఇంటర్నెట్. ఏపీ ఫైబర్‌నెట్ 2023 జూన్‌లో కొత్త సినిమాను విడుదల రోజే రూ.99కి 24 గంటలు చూపించగలిగిందంటే, దాని బాక్సు ఫైబర్ లైనుకు కలిసి ఉండటమే కారణం. తెలంగాణలో టీ-ఫైబర్ 2024 డిసెంబర్‌లో కొన్ని గ్రామాల్లో ప్రయోగాత్మకంగా మొదలైంది.

ఆపరేటర్‌ను ఏం అడగాలి?
• బాక్సు కేబుల్‌కేనా, ఇంటర్నెట్‌కూ కలుస్తుందా?
• బ్రాడ్‌బ్యాండ్, ఓటీటీ చందాలు నెల బిల్లులోనే ఉన్నాయా, వేరా?
• సీరియల్ తర్వాత చూసుకుంటే చాలంటే, పెన్‌డ్రైవ్‌లో రికార్డు చేసే బాక్సు ఉందా?

ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్టుకొద్దామనుకోవద్దు. హెచ్‌డీ వీడియో గంటకు 3 జీబీ దాకా లాగుతుంది. రోజుకు 1.5 జీబీ ప్యాక్ అయితే ఇంటర్వెల్‌లోపే అయిపోవచ్చు.