సైన్యమునకు నేయగలము – దారి చూపువారేరి?

2021 జనవరిలో ఖాదీ గ్రామోద్యోగ కమిషనుకు, ఇండో టిబెటన్ సరిహద్దు పోలీసు దళమునకు ఒక ఒప్పందము కుదిరినది. కేంద్ర సాయుధ పోలీసు దళముల జవానులకు 1 లక్షా 72 వేల నూలు జంపఖానాలు సరఫరా చేయవలెనని షరతు. విలువ 8 కోట్ల 74 లక్షల రూపాయలు. అనగా జంపఖానా ఒక్కింటికి సుమారు 508 రూపాయలు. ఆ పని ఉత్తరప్రదేశ్, హర్యానా, పంజాబు రాష్ట్రముల నేతగాండ్రకు దక్కినది.

జంపఖానా మనకు తెలియని నేత కాదు. వరంగల్లు కొత్తవాడ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. షోలాపూరు దుప్పటికిని, తువాలుకును పేరు తెచ్చినవారిలో తెలంగాణము నుండి వలసపోయిన మన పద్మశాలీలు ఎందరో కలరు. అల్లపల్లి, అహేరి, సిరొంచల మనవారు వారికి పరాయివారు కారు. పనితనము మన కులవృత్తిలోనే ఉన్నది. సర్కారు పని మాత్రము మన వాకిలి తొక్కుట లేదు. ఎందువలన?

పై ఆర్డరు ఖాదీది. ఖాదీ అనగా చేత వడికి చేత నేసినది. మనము వాడునది మిల్లు నూలు. కనుక ఆ ఆర్డరు మనకే రావలసినదని వాదించుట న్యాయము కాదు. కాని చేనేతకును, చిన్న పరిశ్రమకును వేరు ద్వారములు తెరచి ఉన్నవి. ముందుగా వానిని తెలిసికొనవలెను.

2017 నాటి కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళిలోని 153వ నియమము ప్రకారము, కేంద్ర శాఖలు కొను బట్టలో కనీసము నూటికి 20 వంతులు చేనేతది కావలెను. సహకార సంఘములే కాక స్వయం సహాయక బృందముల సమాఖ్యలు, ఉత్పత్తిదారుల కంపెనీలు, పెహచాన్ కార్డు గల నేతగాండ్రు కూడ ఇందుకు అర్హులు. 1985 నాటి చేనేత రిజర్వేషను చట్టము క్రింద చేమగ్గమునకే కేటాయించిన 11 తరగతులలో జంపఖానా, దుప్పటి, తువాలు ఉన్నవి. బ్యారకు కంబళి కూడ ఉన్నది.

మరమగ్గము గలవారికి 2012 నాటి సూక్ష్మ, చిన్న పరిశ్రమల కొనుగోలు ఉత్తరువు కలదు. కేంద్ర శాఖల కొనుగోళ్లలో నూటికి 25 వంతులు ఇట్టి పరిశ్రమల నుండి రావలెను. అందులో 4 వంతులు షెడ్యూల్డు కులముల, తెగలవారివి. 3 వంతులు స్త్రీలవి. టెండరు ఫీజు లేదు, బయానా సొమ్ము లేదు. మన ధర అన్నిటికంటె తక్కువ ధరను నూటికి 15 వరకు మించినను, ఆ తక్కువ ధరకు దిగివచ్చినచో ఆర్డరులో కొంత భాగము మనకు లభించును.

ఇన్ని ద్వారములున్నను లోపల అడుగుపెట్టలేకపోవుటకు కారణము నేత కాదు. నేతకు ముందును, వెనుకను ఉన్న పని. సైన్యపు బట్టకు నూలు నంబరు ఇంత, అంగుళమునకు పడుగు పోగులిన్ని, పేక పోగులిన్ని, బరువు ఇంత, ఉతికినచో ఇంతకు మించి కుంచింపరాదు, రంగు ఇంతవరకు నిలువవలెను అని వ్రాతమూలకముగా ఉండును. సీలు వేసిన నమూనాతో సరిపోల్చి చూతురు. నూరు జంపఖానాలు నేయుట ఒక ఎత్తు, నూరును ఒక్క తీరుగా నేయుట ఒక ఎత్తు. ఒక ఇంటి అద్దకము మరొక ఇంటి అద్దకముతో కలియనిచో సరుకంతయు తిరిగివచ్చును. ఇక ఉద్యమ్ రిజిస్ట్రేషను, జెమ్ అను ప్రభుత్వ ఆన్‌లైను బజారు, జి.ఎస్.టి. లెక్కలు ఉండనే ఉన్నవి. టెండరు ఇంగ్లీషులో, ఆఫీసు మాట మరాఠీలో, మన చిట్టా తెలుగులో! సరుకు పంపిన పిదప డబ్బు వచ్చువరకు నూలుకును, కూలికిని పెట్టుబడి ఎవరిది?

ఇవి పుస్తకము చూచి నేర్చుకొను పనులు కావు. పిల్లవానిని తండ్రి తన ప్రక్కన కూర్చుండబెట్టుకొని నాడె ఆడించుట నేర్పినట్లే, టెండరు వేయుటయు ఎరిగినవారు ప్రక్కన కూర్చుండి నేర్పవలెను.

అమెరికా దేశములో ఇందుకొక చట్టమే 1990లో చేసిరి. సైన్యమునకు సరుకిచ్చు పెద్ద కంపెనీ ఒక చిన్న పరిశ్రమను శిష్యునిగా స్వీకరించి నాణ్యత, లెక్కలు, టెండరు పద్ధతులు నేర్పును. అందుకైన ఖర్చును రక్షణ శాఖ ఇచ్చును. లేదా ఆ కంపెనీ చిన్నవారికి ఇయ్యవలసిన పని లెక్కలో జమకట్టును. ఒప్పందము వ్రాతపూర్వకము, గడువు గలది. ముప్పది ఏండ్లకు పైగా ప్రయోగముగా నడిచిన ఆ పద్ధతి 2022 డిసెంబరు నాటి చట్టముతో శాశ్వతమైనది. ఇందులో మనము గ్రహింపవలసినది ఒక్కటి: నేర్పువానికి కూడ లాభము చూపిరి. దయ మీదనే నడుచు సహాయము ఎక్కువ కాలము సాగదు.

మనకు నాగపూరులో కేంద్ర చిన్న పరిశ్రమల కార్యాలయము కలదు. ప్రభుత్వమునకు అమ్మదలచినవారి కొరకు ఇట్టి కార్యాలయములు సమావేశములు జరుపును. నాగపూరులోను, హైదరాబాదులోను నేతగాండ్ర సేవా కేంద్రములు కలవు. మంచిదే. కాని ఒక పూట సభలో విన్నది టెండరు వేయునాటికి గుర్తుండదు. మొదటి బిల్లు డబ్బు చేతబడువరకు తోడుండువారు కావలెను. ఆ తోడును సంఘమే ఏర్పరుపవలెనని నా అభిప్రాయము.

చదువుకొన్న మన పిల్లలలో ఒక యువకుని, ఒక యువతిని ఎన్నుకొని టెండరు పనిలో తరిఫీదు ఇప్పించవలెను. షోలాపూరు, వరంగల్లులలో ప్రభుత్వ సరఫరా చేసి అనుభవము గల మనవారిని కోరి, ఒక్కొక్కరికి కొన్ని కుటుంబముల బృందమును అప్పగింపవలెను. వారు గెలిచిన ఆర్డరులో కొంత పని మన బృందమునకిచ్చి నేర్పుదురు. వారికిని అదనపు మగ్గములు దొరకును. ఒక రాష్ట్రపు చేనేత సంస్థ మరొక రాష్ట్రపువారిని చేరదీయకపోవచ్చును గాని, కేంద్రపు టెండరుకు గోదావరి ఎల్ల కాదు. మొదటనే సైన్యపు పెద్ద ఆర్డరుకు పోనక్కరలేదు. గడ్చిరోలి జిల్లాలోనే ఆశ్రమ పాఠశాలలు, పోలీసు శిబిరములు ఉన్నవి. అచ్చటి తువాళ్లు, దుప్పట్లతో చేయి తిప్పుకొనవలెను. ధర వ్రాయకముందే నమూనాను పరీక్ష చేయించవలెను.

పెండ్లి చీరకే లాభమెక్కువ, ఈ మోటు నేత ఎందుకని కొందరందురు. చీర అమ్ముడు పండుగలకును, ముహూర్తములకును కట్టుబడి ఉన్నది. శిబిరములో జవాను పండ్రెండు నెలలును పక్క పరచుకొనును.

అయితే మూడు జాగ్రత్తలు అవసరము. మొదటిది, గురువు సావుకారు కారాదు. మన కార్డు చూపి టెండరు గెలిచి, సరుకు మరెచ్చటనో నేయించి, మన సంతకమునకు నాలుగు రూకలిచ్చువాడు గురువు కాడు. గడువు, కూలి రేటు, బిల్లుపై మన పేరు కాగితము మీద ఉండవలెను. రెండవది, మగ్గములన్నియు ఒక్క కొనుగోలుదారునికే కట్టరాదు. సిరిసిల్ల మరమగ్గములకు 2017 నుండి బతుకమ్మ చీరల ఆర్డరు అన్నము పెట్టినది. 2024లో అది లేకపోగా మగ్గములు నిలిచినవి. తరువాత వేరు పేరున చీరల పని వచ్చినను, నడుమ ఖాళీ నెలలలో ఇల్లు గడిపినవారికే ఆ బాధ తెలియును. మూడవది, బాకీ. 2006 నాటి చట్టము ప్రకారము చిన్న పరిశ్రమకు 45 దినములకు మించి డబ్బు నిలుపరాదు. నిలిపినచో రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ ఈయవలెను. ఈ హక్కును అడుగుట కూడ నేర్పవలసిన విద్యలలో ఒకటి. ఒంటరి నేతగాడు అడుగుటకు జంకును, సంఘము జంకనక్కరలేదు.

రాబోవు సర్వసభ్య సమావేశములో ఈ విషయమును చర్చకు పెట్టి, తరిఫీదుకు పోవు ఆ ఇద్దరి పేర్లయినను అదే దినమున నిర్ణయింపవలెనని సంఘ పెద్దలను కోరుచున్నాను.