మందు కాదండీ, నాగరికతట!

పెద్రో హిమెనెజ్ అంటే ఎవరో మనిషి పేరనుకునేరు. ద్రాక్షపండు పేరు. స్పెయిన్ దేశానికి దక్షిణాన ఆండలూసియాలో ఆ పళ్ళని కోసి ఎండలో పరుస్తారు. కిస్‌మిస్‌లా ముడుచుకున్నాక పిండితే వచ్చేది రసం కాదు, పాకం. దానికి ద్రాక్షసారా చేర్చి ఓక్ పీపాల్లో ఏళ్ళ తరబడి మాగబెడతారు. లీటరుకి 300, 400 గ్రాముల చక్కెర, నూటికి 15 పాళ్ళకి అటూ ఇటూగా ఆల్కహాలు. భోజనాలయ్యాక బుల్లి గ్లాసులో రెండు గుక్కలు పోస్తారు, లేదా వెనిల్లా ఐస్‌క్రీం మీద ధారగా వంపుతారు. అంజూరం, ఖర్జూరం, కాఫీ కలిసి నాలిక మీద తిష్ఠ వేసినట్టుంటుంది. రుచికి వంక పెట్టను.

నా తగువు సీసాతో కాదు. అమెరికా నుంచి అబ్బాయి తెచ్చిన ఆ సీసాని తిరువూరులో ఇంటి షోకేసులో నిలబెట్టి, "ఇది మందు కాదండీ, డిజర్టు" అని వచ్చినవాళ్ళకల్లా పాఠం చెప్పే పెద్దమనుషులతో. వాళ్ళ దగ్గర తాటి నీరా మాటెత్తి చూడండి. "ఛీ, కల్లా!" అని ముక్కు మూసుకుంటారు.

అయ్యా, నీరా కల్లు కాదు. కుండ లోపల సున్నం పూసి రాత్రి చెట్టుకి కడితే, పులియకుండా తెల్లారేసరికి దిగే తియ్యటి రసం. అందులో మత్తు లేదు. అలా వదిలేస్తే పొద్దెక్కేకొద్దీ దాని దారి అది చూసుకుంటుంది, అప్పుడది కల్లే, ఒప్పుకుంటాను. కానీ మత్తున్నది నాగరికతా, మత్తు లేనిది తాగుబోతుతనమూనా? ఏ ఊరి లెక్కండీ ఇది?

స్పెయినువాడి దగ్గర నేర్చుకోవలసింది వడ్డన. చిన్న గ్లాసు, కాస్త చల్లదనం, తొందరలేని గుక్క. ఆ మర్యాదే నీరాకీ చెయ్యొచ్చుగా? తెల్లవారుజామున దించి, వడగట్టి, చల్లబరిచి, శుభ్రమైన గాజుగ్లాసులో అతిథికివ్వండి. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023లో ఏకంగా నీరా కేఫే తెరిచారు. మన భద్రాచలం రోడ్డు మీద బస్సు ఆగితే చేతికందేది మాత్రం రంగునీళ్ళ సీసా. కిటికీలోంచి కనిపించేది తాటిచెట్టు!

మోకూ ముస్తాదూ కట్టుకుని ఆ చెట్టెక్కే గీత కార్మికుడు కాలు జారితే నడుం విరుగుతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. నేనెక్కనంటాడు కొడుకు. ఎందుకెక్కుతాడు? తండ్రి ప్రాణానికి తెగించి దించినదాన్ని మనం దొంగసరుకులా చూస్తుంటే!

ఆండలూసియా రైతు కష్టాన్ని సీసా వెనక చీటీ మీద చదివి మెచ్చుకునే మహానుభావులారా, మీ పొలంగట్టు మీది తాళ్ళు గీసేవాడి పేరేమిటో చెప్పండి చూద్దాం.