కొరియా నాటకములపై కోపమెందుకు?

గత ఉగాది సభ ముగిసిన పిమ్మట మన కార్యవర్గమున ఒక పెద్దమనిషి లేచి, మన పిల్లలు తెలుగు మరచుటకు కొరియా టెలివిజను నాటకములే కారణమనియు, వానిని మన యిండ్లనుండి బహిష్కరింపవలెనని సంఘము తీర్మానింపవలెననియు పలికిరి. చప్పట్లు మ్రోగినవి. నేను చప్పట్లు కొట్టలేదు గాని లేచి ఎదురు చెప్పుటకు ధైర్యమును చాలలేదు. యస్.యస్.యల్.సి. వరకు చదివి ముప్పదియేడేండ్లు ఒక గిడ్డంగి కార్యాలయమున గుమాస్తాగా నుండినవాడను. సభలో మాటాడుట నాకు చేతకాదు; కాగితముపై వ్రాయుట కొంత అలవాటు. కావున ఆనాడు చెప్పవలసిన మాటలను ఈ సంచికలో విన్నవించుకొనుచున్నాను.

మొదట నా యింటి సంగతి దాచక చెప్పెదను. మా మనుమరాలికి పదునైదేండ్లు. ఈ నాటకములు చూచి చూచి, కొరియావారి లిపిని ఎవరును చెప్పకయే నేర్చుకొన్నది. ఆ లిపికి మూలాక్షరములు 24 మాత్రమే. మూడు వారములలో కూడబలుకుకొని చదువసాగినది. తెలుగులో మాత్రము తన పేరు వ్రాయలేదు. అది తెలిసిననాడు నాకును ఆ పెద్దమనిషికి వచ్చినంత కోపమే వచ్చినది. రాత్రి పండుకొని లెక్క వేసికొంటిని. ఆ పిల్ల తండ్రిని తెలుగు బడి మాన్పించి ఇంగ్లీషు బడిలో చేర్చినదెవరు? నేనే. అది 1990వ సంవత్సరము. ఆనాడు మన యిండ్లలో దూరదర్శనము తప్ప వేరొకటి లేదు. కొరియా నాటకమను మాటయే మనమెరుగము. తప్పు వ్రాసిన ఖాతా ఒకటి, కొట్టివేయుచున్న ఖాతా మరియొకటి. మదరాసునందేమి, బరంపురమునందేమి, షోలాపురమునందేమి, ఈ సంచిక చదువు ప్రతి గృహస్థుడును తన యింటి ఖాతాను ఒకసారి తిరుగవేసి చూచుకొనవలెను.

అట్లని వచ్చినదెల్ల చూడుమని నేననుట లేదు. మా మనుమరాలి వాదము వేరొక చివరకు పోవును. "తాతయ్యా, ఇది ప్రపంచంలో నంబర్ వన్!" అని ఆమె అనును. నంబరు చెప్పునది ఎందరు ఎన్ని గంటలు చూచిరను లెక్కయే. గిడ్డంగిలో నేను బస్తాలు లెక్కించినవాడను. ఎన్ని బస్తాలు వచ్చినవో నా పుస్తకము చెప్పును. లోపలి బియ్యము పురుగు పట్టినదో లేదో చెప్పదు. 2021లో వచ్చిన 'స్క్విడ్ గేమ్' ఇట్లే లోకమును ముంచెత్తినది. అప్పులపాలైన 456 మంది, 4,560 కోట్ల వాన్ల పందెము, ఓడినవానికి చావు. దానిని రచించి నడిపించిన హ్వాంగ్ దోంగ్-హ్యుక్ అప్పుల బాధను గూర్చి చెప్పదలచిన మాట సత్యమే. పెద్దలు మొదటి భాగము ఒకసారి చూడవచ్చును. కాని ఆ పచ్చ దుస్తులు కుట్టించి పసిపిల్లలకు తొడిగి ఫొటోలు తీయించు తల్లిదండ్రులను చూచినపుడు, వారు ఏమి చూచిరో నాకు బోధపడదు. 2009లో వచ్చిన 'బాయ్స్ ఓవర్ ఫ్లవర్స్' జపాను బొమ్మలకథనుండి తెచ్చుకొన్నది. ధనికుని కొడుకు పేదపిల్లను వేధించుట, ఆ వేధింపే ప్రేమయని మనచేత నమ్మించుట! ఇరువదియైదు భాగములు. 'పెంట్‌హౌస్' అనునది 2020, 21 సంవత్సరములలో మూడు విడతలుగా వచ్చినది. అందు చచ్చినవారు తిరిగి వత్తురు, పగ చల్లారదు. వీనిని చూచుటకంటె పండుకొని నిద్రించుట ఆరోగ్యము.

మరి చూడదగినదేది? నా మనస్సులో ముందు నిలుచునది 'మిసెంగ్'. 2014లో ఇరువది భాగములుగా వచ్చినది. యూన్ తే-హో రచించిన బొమ్మలకథ దానికి మూలము. 'బాదుక్' అను రాళ్ల ఆటలో, బ్రదుకునో చచ్చునో ఇంకను తేలని రాళ్లకు మిసెంగ్ అని పేరట. జాంగ్ గె-రే అను పిల్లవాడు చిన్ననాటినుండి ఆ ఆటకే అంకితమై, అందు ఆరితేరలేక, కాలేజి చదువు లేక, ఒక ఎగుమతి కంపెనీలో తాత్కాలికముగా చేరును. తక్కినవారందరు పట్టభద్రులు. పక్క విభాగపు కుర్రవాని పొరపాటున ఒక కాగితము బయట పడగా నింద వీనిపై పడును. తరువాత ఒక రాత్రి పై అధికారి ఓ సాంగ్-షిక్, త్రాగిన మైకమున, ఆ పక్క విభాగపువానితో, మీ పిల్లవాని తప్పుచే మా పిల్లవాడు తిట్లు తినెనని తగవుపడును. 'మా పిల్లవాడు' అను ఆ మాట విని గె-రే నిలుచుండిపోవును. నేను ముప్పదియేడేండ్లలో ఒక్క అధికారి నోట ఆ మాట వినవలెనని ఎదురుచూచితిని. వినలేదు. ఆ భాగము నేను మూడుమార్లు చూచితిని. చివరకు ఆ పిల్లవానికి ఆ కంపెనీలో ఉద్యోగము స్థిరము కాదు. కథకుడు అబద్ధపు తీపి పెట్టలేదు. అందుచేతనే అది మంచి నాటకము.

ఇచటనే నా ప్రధాన వాదమున్నది. మనము 'మా యిల్లు', 'మా అమ్మ' అనునట్లే కొరియావారును అందురు. నా యిల్లు, నా అమ్మ అనరు. ఆ భాషలో క్రియ వాక్యము చివర వచ్చును, మనకువలెనే. పెద్దవారితో ఒక విధముగను, తోటివారితో ఒక విధముగను మాటాడుదురు. కనబడగానే అన్నము తింటివా యని అడుగుదురు. తండ్రి వారికి 'అప్పా'యే. (1905లో హల్బర్టను అమెరికా దేశీయుడు కొరియా భాషను ద్రావిడ భాషలతో పోల్చి ఒక గ్రంథమే వ్రాసెను, ఆ చుట్టరికమును నేటి పండితులు అంగీకరింపరు, నేనును పట్టుపట్టను.) తెర క్రింద పడు ఇంగ్లీషు అక్షరములలో ఇవన్నియు కొట్టుకొనిపోవును. వారు నోట 'హ్యోంగ్' అనగా, క్రింద ఆ మనుష్యుని పేరు మాత్రము పడును. "అన్నయ్యా అంటున్నాడే!" అని నేననగా మా మనుమరాలు నా వంక వింతగా చూచినది. అంతకుముందు ఆమెకు అన్నయ్య అను పిలుపు యొక్క బరువు తెలియదు. వదిన, మరిది, పెదనాన్న అను మాటలు మా యింట మరల వినబడినది ఆ నాటకముల మూలముననే. బహిష్కరింపుడను పెద్దలు ఆ పిల్లల ప్రక్కన ఒక్క సాయంకాలమైనను కూర్చుండిరా?

'రిప్లై 1988' ఇట్లు కూర్చుండుటకు మిక్కిలి అనువైనది. సియోలు నగరమున ఒక సందు, అయిదు కుటుంబములు. భోజనపు వేళకు పిల్లలు ఒక యింటి కూర మరియొక యింటికి మోసికొనిపోవుచుందురు. పూచీకత్తు సంతకము పెట్టి అప్పులపాలైన బ్యాంకు ఉద్యోగి ఒకడు అందులో తండ్రి. మన అగ్రహారములలోను, రైల్వే క్వార్టర్లలోను పెరిగినవారికి వివరింపనక్కరలేదు. వంట యందు శ్రద్ధగల గృహిణులు 2003నాటి 'దే జంగ్ గుమ్' చూతురుగాక. ఏబదినాలుగు భాగములు, కొంచెము ఓపిక కావలెను.

2011లో వచ్చిన 'ట్రీ విత్ డీప్ రూట్స్' మన సంఘములవారికి ప్రత్యేకముగా చెప్పుచున్నాను. సెజోంగ్ రాజు 1443లో తన ప్రజలకై లిపిని కల్పించి 1446లో ప్రకటించెను. చీనా అక్షరములు నేర్చిన పండితులు దానిని ఎదిరించిరి. నాటకము దీనిని హత్యల కథగా మార్చినది, కల్పన హెచ్చు. అయినను, చదువురాని బానిసలకు ఒక లేఖ మూలమున కలిగిన నాశము చూచినపుడు మనుమరాలు నన్నడిగినది: "తాతయ్యా, మన అక్షరాలు ఎవరు చేశారు?" ఒక రాజు కాదు, శతాబ్దముల శాసనములు చేసినవని చెప్పితిని. మరునాడు పలక తెచ్చితిని.

'పచింకో'ను (2022) కొందరు కొరియా నాటకముగా లెక్కింపరు. అమెరికా కంపెనీ తీసినది, మూలము మిన్ జిన్ లీ ఇంగ్లీషున వ్రాసిన నవల. జపానులో స్థిరపడిన కొరియా కుటుంబము కథ. తెర క్రింద కొరియా మాటలు పసుపురంగునను, జపాను మాటలు నీలిరంగునను పడును. ఒకే వాక్యమున రెండు రంగులు కలియుటయు కలదు. మా యింటి మాటలకు రంగులు వేసిన ఎన్ని కావలయునో! అందు సున్జా అను వృద్ధురాలు, అర్ధశతాబ్దము దాటిన పిదప, ఒక యింట ముద్ద నోట పెట్టుకొని అది తన దేశపు బియ్యమని గుర్తించి కంటతడి పెట్టును. మా తాతగారు నెల్లూరి సీమనుండి వచ్చినవారు. మొలగొలుకుల బియ్యము ఎవరైన తెచ్చినపుడు ఆయన గింజలు అరచేత పోసికొని వాసన చూచుట నాకు జ్ఞాపకమున్నది.

కాలము వ్యర్థమగునందురా? పదునారు భాగములు, ఒక్కొక్కటి డెబ్బది నిమిషములు: మొత్తము పందొమ్మిది గంటలకు లోపు. అంతటితో కథ ముగియును. మన తెలుగు దినసరి సీరియలు అరగంట చొప్పున వారమునకు ఆరు దినములు చూచిన ఏడాదికి 156 గంటలు, కథ ముగియదు. దానిని బహిష్కరింపుమని ఎవరును తీర్మానము పెట్టలేదు. రెండు భాగములు చూచి, మనుష్యులు మనుష్యులవలె కానరానిచో మాని వేరొకటి వెదకుడు.

మా మనుమరాలు ఇప్పుడు గుణింతములలో 'క్ష' దాటినది. నేను కొరియా అక్షరములలో పదునొకటవదానియొద్ద తడబడుచున్నాను. ఆ తీర్మానము వచ్చు సమావేశమున మరల వచ్చునని వినుచున్నాను. ఈసారి నేను ముందు వరుసలో కూర్చుండెదను. నా చేయి దానికై పైకి లేవదు.