కితాబ్ లాక్కుని ఫోన్ ఇచ్చే అమ్మీ-అబ్బాలకు

మొన్న మొయినాబాద్‌లో మా ఖాలా ఇంట్లో దావత్. బిర్యానీ దమ్ మీదుంది. ఆమె మనవడు, పదేళ్ళవాడు, మూలన కూచుని కితాబ్ చదువుకుంటున్నాడు. స్కూల్ లైబ్రరీది. అట్ట మీద పాడుబడ్డ హవేలీ, కిటికీలో తెల్లటి ఆకారం. వాడి అమ్మీ చూసింది. "భూతాల కితాబా? తౌబా తౌబా! గునాహ్ రా బేటా" అని లాక్కుంది. వాడు ఏడుపు మొహం పెట్టాడు. ఊరుకోబెట్టడానికి ఫోన్ చేతిలో పెట్టింది. పావుగంట తర్వాత వాడి వెనక నిలబడి చూస్తే ఫోన్‌లో నెత్తురు కక్కుతున్న చుడైల్! పైగా 'నిజంగా జరిగింది' అని రాసి ఉంది.

ఆమె ఒక్కదాన్నే అనడం లేదు. మనలో చాలామంది చేస్తున్న పనే ఇది.

దయ్యాల కిస్సాలు ఈమాన్ పాడు చేస్తాయట. మన అఖీదా ప్రకారం చనిపోయినవాళ్ళ రూహ్ తిరిగొచ్చి చెట్టుకు వేలాడదు. జిన్నాత్ మాత్రం ఉన్నారు. ఖురాన్‌లో 72వ సూరా పేరే అల్-జిన్. ఈ ఫరక్ బచ్చాకు ఎవరు చెప్పాలి? మొయినాబాద్ నుంచి చేవెళ్ళ పోయే రోడ్డు పొడుగునా పాత మర్రిచెట్లే. రోడ్డు వెడల్పు కోసం వాటిని కొట్టొద్దని గొడవ గ్రీన్ ట్రిబ్యునల్ దాకా పోయింది. అది పెద్దల ఫికర్. స్కూల్ బస్సులో కూచున్న పిల్లలకు మాత్రం ఆ ఊడల్లో ఎవరున్నారన్నదే సవాల్. మీరు కితాబ్ దాచినా ఆ సవాల్ పోదు. జవాబ్ చెప్పే మౌఖా మీ చేతిలోంచి పోతుంది, అంతే.

ఇంకో మాట. అన్నం తినకపోతే బూచోడొస్తాడని బెదిరించేది ఎవరు? ముసల్మాన్‌ను భయపెట్టడం ఏ ముసల్మాన్‌కూ జాయజ్ కాదని హదీస్. అది మన పిల్లలకు వర్తించదా? ఎనిమిదేళ్ళ పిల్ల చేతిలో అజాబే ఖబ్ర్ కితాబ్ పెట్టేవాళ్ళను కూడా చూశాను. ఆ అజాబ్ మీద నాకు ఈమాన్ ఉంది. కానీ ఆ పిల్ల రాత్రి దీపం ఆర్పనివ్వకపోతే దాన్ని తర్బియత్ అనను.

అసలు డర్, సఫర్, తిలిస్మ్ మనకు పరాయివా? దాస్తానే అమీర్ హంజా కోసం అక్బర్ బాద్షా ముసవ్విర్‌లతో ఏళ్ళ తరబడి బొమ్మలు గీయించాడు. లక్నోలో నవల్ కిశోర్ ప్రెస్ అచ్చేసిన ఆ దాస్తాన్ 46 జిల్దులు. అమ్రూ అయ్యార్ జంబీల్‌లో లోకమంతా పట్టేది! మన బచ్చేలు ఉర్దూ మాట్లాడతారు గానీ చాలామంది చదవలేరు. కాబట్టి ఇవి వాళ్ళకు తెలుగులోనే అందాలి. అలిఫ్ లైలా ఇస్తే పిల్లల కోసం కుదించిందే ఇవ్వండి, పూర్తిది వాళ్ళ ఉమ్ర్‌కు కాదు. జుమా రోజు మనం చదివే సూరా కహఫ్‌లో గుహ ఉంది, కుక్క ఉంది, వందల ఏళ్ళ నిద్ర ఉంది. మూసా అలైహిస్సలాం ఖిజ్ర్‌తో చేసిన సఫర్ ఉంది. వీటిని రాత్రి రజాయిలో ఎంతమంది చెబుతున్నాం?

అట్లాగని దొరికిందల్లా ఇవ్వమనడం లేదు. ముందు మీరు చదవండి, రెండు గంటల పని. నేనైతే ముందు ఆఖరి పేజీలే చూస్తాను. ఇంగ్లీష్ మీడియం పిల్లలు ఎగబడే గూస్‌బంప్స్ కితాబుల్లో భయం తీరిందనుకునే సరికి చివర్లో మళ్ళీ లేస్తుంది. గట్టి పిల్లలకు అది మజా, మెత్తని పిల్లలకు రాత్రంతా జాగారం. మీ బచ్చా ఏ రకమో మీకే తెలుసు. చందమామ బేతాళ కథల్లో శవం మాట్లాడినా, అది అడిగే సవాల్ న్యాయం గురించి. మా ఇంట్లో అవి చదివాక "ఇది ఖయాలీ కిస్సా, మరి నువ్వైతే ఏం జవాబ్ ఇస్తావ్?" అని అడుగుతాను. కథలో హిమ్మత్ చూపించేది పిల్లలా, లేక తావీజ్ కట్టగానే అన్నీ సర్దుకుంటాయా అన్నది చూస్తాను. గడ్డం, ఆకుపచ్చ రుమాల్ ఉన్న ఫకీరే ప్రతిసారీ మంత్రగాడైతే ఆ కితాబ్ మా గడప దాటదు. మన పిల్లలు తమ నానాను ఆ బొమ్మలో చూసుకోవాలా?

ఆ రోజు ఆ లైబ్రరీ కితాబ్ అడిగి తీసుకుని నేనే చదివాను. హవేలీలో తెల్లటి ఆకారం దొంగ నోట్లు అచ్చేసేవాడు కప్పుకున్న దుప్పటి. వాడు ఆగిపోయింది 31వ పేజీ దగ్గర. ఈ ముక్క వాడి అమ్మీ చెవిలో వేసి కితాబ్ తిరిగిచ్చాను. వాడికి మాత్రం చెప్పలేదు.