పని లెక్క వాట్సాప్‌లో మునిగిపోకుండా

2025 సెప్టెంబరు 22 రాత్రి పట్టుకున్న వాన తెల్లవారేసరికి కోల్‌కతాను ముంచేసింది. 24 గంటల్లో 251.4 మిల్లీమీటర్లు కురిసింది. నగరంలోనూ చుట్టుపక్కలా కనీసం 10 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమందిని బలిగొన్నది నీళ్లలో పారిన కరెంటు. పండగకు నాంది పలికే మహాలయ అప్పటికే వెళ్లిపోయింది, పూజలు మొదలయ్యే షష్ఠి 28న. ముగింపు దశకొచ్చిన దుర్గాపూజ పందిళ్లు ఎన్నో నీళ్లలో నిలబడ్డాయి. మిగిలిన కొద్ది రోజుల్లో నీళ్లు తోడాలి, తడిసిన గుడ్డ మార్చాలి, వైరింగు మొత్తం మళ్లీ పరీక్షించాలి. పండగ తేదీ మాత్రం ఎవరి కోసమూ జరగదు.

అలాంటి ఉదయం పూజ కమిటీకి వెంటనే కావలసింది కొన్ని జవాబులు. వైరింగు చేసిందెవరు? ఏ లైనును ఎక్కడ ఆపాలి? డెకరేటరుకు ఇచ్చిన అడ్వాన్సు ఎంత, ఇవ్వాల్సింది ఎంత? ఈ జవాబులు సాధారణంగా రెండుచోట్ల ఉంటాయి. ఒకటి, ఏళ్ల తరబడి కమిటీని నడిపిస్తున్న ఓ పెద్దాయన బుర్రలో. రెండు, గుడ్‌మార్నింగ్ ఫొటోల కిందా చందా రసీదుల కిందా ఎక్కడో కూరుకుపోయిన వాట్సాప్ మెసేజీలో. పెద్దాయన ఊళ్లో లేకపోతే ఆ పూట అందరూ ఫోన్లు పట్టుకుని పైకీ కిందికీ జరుపుకుంటూ కూర్చోవలసిందే.

దుర్గాపూజను కాలక్షేపం పని అనుకోవడానికి లేదు. కోల్‌కతా దుర్గాపూజను యునెస్కో 2021 డిసెంబరులో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. 2019 పూజల చుట్టూ తిరిగిన సృజనాత్మక వ్యాపారం విలువ 32,377 కోట్ల రూపాయలని బ్రిటిష్ కౌన్సిల్ చేయించిన అధ్యయనం లెక్కగట్టింది. విగ్రహాల శిల్పుల పేట కుమార్‌టులిలో విగ్రహం, మేదినీపుర్ నుంచి వచ్చే పందిరి పనివాళ్లు, పోలీసుల అనుమతి, అగ్నిమాపక శాఖ అనుమతి, విద్యుత్ సంస్థ సీఈఎస్‌సీ తాత్కాలిక కనెక్షన్, స్పాన్సర్లు, లైట్లు, నిమజ్జనం లారీ. సాల్ట్‌లేక్ సెక్టర్ ఫైవ్‌లో ఓ సాఫ్ట్‌వేర్ జట్టు ఆరు నెలలు చేసే ప్రాజెక్టుకు ఇది ఏ విధంగానూ తక్కువ కాదు. సెక్టర్ ఫైవ్‌లో పగలు జీరా అనే ప్రాజెక్టు సాఫ్ట్‌వేరు బోర్డు ముందు కూర్చునే కుర్రాళ్లే సాయంత్రం పాడా (పేట) క్లబ్బుకొచ్చి అదే స్థాయి పనిని నోటిమాట మీద నడిపిస్తున్నారు.

నోటిమాట మీదే నడిచినా పందిళ్లు వేళకు లేస్తున్నాయి కదా, ఈ సాఫ్ట్‌వేర్లు ఎందుకని అడిగేవారున్నారు. ప్రశ్న న్యాయమైనదే. ఈ ఏడాది పనికి ఏ సాఫ్ట్‌వేరూ లేకపోయినా గడుస్తుంది. చిక్కు వచ్చే ఏడాది మొదలవుతుంది. కార్యదర్శి మారతాడు, కోశాధికారికి బెంగళూరులో ఉద్యోగం వస్తుంది. ఏ డెకరేటరు మాట తప్పాడో, ఏ అనుమతికి ఎన్ని రోజులు పట్టిందో కొత్తవాళ్లు మొదటి నుంచీ తెలుసుకోవాలి. సెక్టర్ ఫైవ్ కంపెనీలదీ ఇదే కథ. మనిషి రాజీనామా చేస్తే అతనికి తెలిసిన సగం విషయాలు అతనితోపాటే లిఫ్టు దిగిపోతాయి. అందుకే క్లౌడ్‌లో ఉండే ప్రాజెక్టు సాఫ్ట్‌వేరును జట్టుకు జ్ఞాపకశక్తిగా చూడాలి. ఎవరు పని చేస్తున్నారో, ఎవరు చేయడం లేదో పైనుంచి కనిపెట్టే కన్నుగా కొంటే, జనం శుక్రవారం సాయంత్రం బోర్డు మీద పనికొకటిగా ఉండే కార్డులన్నీ ఒక్కసారిగా ‘పూర్తయింది’ గడిలోకి నెట్టేసి ఇంటికి పోతారు. ఆ బోర్డులో నిజం ఉండదు.

తాత్కాలిక కరెంటు కనెక్షన్‌నే తీసుకుందాం. బోర్డు మీద దానికో కార్డు. ఆ కార్డు మీద ఒకే ఒక్క పేరు ఉండాలి. ఇద్దరి పేర్లుంటే ఆ పని ఎవరిదీ కాదు. ఒక తేదీ ఉండాలి. దరఖాస్తు, డబ్బు కట్టిన రసీదు ఆ కార్డుకే తగిలించాలి. కనెక్షన్ వచ్చేదాకా లైట్లవాళ్లు పని మొదలుపెట్టలేరు కాబట్టి వాళ్ల కార్డును దీనికి ముడివేయాలి. ఇది ఆలస్యమైతే అదీ వెనక్కి జరిగినట్టు అందరికీ కనిపిస్తుంది. చివరగా ఎవరితో మాట్లాడితే పనైందో రెండు ముక్కలు రాయాలి. చాలామంది ఎగ్గొట్టేది ఈ చివరి పనే, వచ్చే ఏడాది పనికొచ్చేదీ అదే.

ఏ సాఫ్ట్‌వేరు ఎంచుకోవాలన్నది ఇక్కడి నుంచి తేలికవుతుంది. ఫోన్ వాడటానికి అందరికన్నా ఇబ్బంది పడే మనిషి కూడా ఆ కార్డును తెరిచి రాయగలగాలి. పరీక్ష అతనితో పెట్టాలి, కంప్యూటరు బాగా వచ్చిన కుర్రాడితో కాదు. తర్వాత ధర. చాలా కంపెనీలు మనిషికింత అని వసూలు చేస్తాయి. జీరా 10 మంది వరకే ఉచితం. ట్రెలో కూడా 2024లో ఉచిత ఖాతాను 10 మందికి కుదించింది. నలభై మంది స్వచ్ఛంద కార్యకర్తలున్న క్లబ్బుకు ఈ లెక్క కుదరదు. అలాగని నలుగురు ఒకే లాగిన్ పంచుకుంటే ఎవరు ఏం రాశారో తెలియక జ్ఞాపకమే చెడుతుంది. మనవైపు పుట్టిన జోహో ప్రాజెక్ట్స్ 2006 నుంచీ ఉంది. దాన్నీ ఇదే గీటురాయి మీద చూడాలి, స్వదేశీ అన్న ఒక్క కారణం చాలదు.

అన్నిటికన్నా గట్టిగా అడగవలసిన ప్రశ్న ఇంకొకటుంది. మన సమాచారం మొత్తం మన చేతికి తిరిగొస్తుందా? 2022 ఏప్రిల్ 5న జీరాను తయారుచేసే అట్లాసియన్‌లో ఓ పాత యాప్‌ను తీసేయబోయి, ఆ యాప్ గుర్తింపు సంఖ్యలకు బదులు కస్టమర్ల సైట్ల సంఖ్యలే స్క్రిప్టుకు ఇచ్చారు. సుమారు 775 సంస్థల సైట్లు మాయమయ్యాయి. అందరికీ తిరిగి అందేసరికి ఏప్రిల్ 18 వచ్చింది. 2025 జులైలో ఐరోపా ఆంక్షల పేరిట మైక్రోసాఫ్ట్ గుజరాత్‌లో చమురు శుద్ధి కర్మాగారం నడిపే నయారా ఎనర్జీకి సేవలు ఆపేసింది. ఆ కంపెనీ ఢిల్లీ హైకోర్టుకెక్కాక కొద్ది రోజుల్లో మళ్లీ ఇచ్చింది. పెద్ద కంపెనీకి లాయర్లుంటారు, పాడా క్లబ్బుకు ఎవరుంటారు? అందుకే నెలకోసారి బోర్డును ఎక్స్‌పోర్ట్ చేసి, ఓ ఎక్సెల్ ఫైలు, రసీదుల ఫోల్డరు క్లబ్బు కంప్యూటర్లో దాచడం ఎవరో ఒకరి పేరు మీద ఉండాలి. డబ్బు కట్టకముందే ఓసారి ఎక్స్‌పోర్ట్ చేసి చూడాలి. వచ్చిన ఫైల్లో వ్యాఖ్యలు, అటాచ్‌మెంట్లు లేకపోతే ఆ సాఫ్ట్‌వేరు జోలికి పోకపోవడమే మేలు.

మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ ఆన్‌లైన్ వాడే సంస్థలకైతే సమాచారం బయటికి తెచ్చుకోవాలా వద్దా అని ఎంచుకునే వీలే లేదు. 2026 సెప్టెంబరు 30తో దాన్ని ఆపేస్తామని కంపెనీ ముందే ప్రకటించింది. ఏళ్ల ప్లాన్లు, లెక్కలు, ఎవరు ఏది చేశారన్న వివరాలు ఆ తేదీలోపే బయటికి తెచ్చుకోవాలి. ఆ పనికి ఓ మనిషి పేరు, ఓ తేదీ ఇప్పుడే వేసుకోవాలి.